తడిసిన గొంగడి, నాలుగు లాప్‌టాప్‌లు

ఎంసీఏ చదువుతున్నానని చెప్పడం ఎంత పెద్ద పొరపాటో తార్నాకలో అద్దెకు దిగిన వారంలోనే తెలిసిపోయింది. ఇంటి ఓనరు అంకుల్ నా చదువు గురించి ఒక్క ప్రశ్నే అడిగారు. "అయితే ఫ్యాను రెగ్యులేటరు చూడగలవా?" చూశాను. చూడటం వరకే. తర్వాత మిక్సీ వచ్చింది, టీవీ రిమోటు వచ్చింది, ఆంటీ ఆయాసానికి వాడే నెబ్యులైజరు వచ్చింది. చివరికి ఇంటర్నెట్ వచ్చింది. మిగతావి చెడిపోతే వస్తువు తప్పు, నెట్ పోతే మాత్రం నా తప్పు.

అది రాతి గోడల పాత ఇల్లు. ముందు భాగంలో అంకుల్, ఆంటీ, నేను అక్కా అని పిలిచే వాళ్లమ్మాయి. తెనాలి వైపు నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. వెనక ఒంటిగదిలో నేనూ, మా లీడరన్నా. మధ్యలో బట్టలుతికే బండ, ఆరేసుకునే తీగ ఉన్న చిన్న వాకిలి. యూనివర్సిటీ గోడ మా సందు చివరే. లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చు. టియర్ గ్యాస్ కూడా నడిచే వచ్చేది.

లీడరన్నది సిద్దిపేట దగ్గర పల్లె. చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు. అది మూడో అధ్యాయం దగ్గర ఆగింది. నాలుగోది తెలంగాణ రాష్ట్రం వచ్చాక రాస్తానన్నాడు. గైడ్ కూడా సరేనన్నాడట, ఆయనకూ అప్పటిదాకా చదివే బాధ లేదు కదా. ఊరి నుంచి వాళ్ల నాయన పంపిన నల్ల గొంగడి ఒకటి ఉండేది. మే నెలలో కూడా దాన్ని భుజాన వేసుకునే మీటింగులకు వెళ్లేవాడు. ఉద్యమం కోసం అతను చేసిన త్యాగాల్లో చెమట మొదటిది.

నెట్ కనెక్షన్ రెండు భాగాలకూ కలిపి ఒక్కటే. కేబులతను ముందు గోడకు రంధ్రం పెడతానన్నప్పుడు అంకుల్ రెండు చేతులూ అడ్డం పెట్టారు. "నిన్నగాక మొన్న పెయింటు వేయించానయ్యా!" అందుకని వైరు వెనక సందులోని స్తంభం మీంచి మా గదిలోకి వచ్చింది, రౌటర్ మా కిటికీ గట్టు మీద కూర్చుంది. ఎదురుగా, వాకిలికి అవతల, అక్క గది కిటికీ. రాతి గోడలోంచి సిగ్నల్ పోదు గానీ కిటికీలోంచి కిటికీలోకి హాయిగా పోయేది. పూర్వం ప్రేమలేఖలు కూడా ఈ దారినే పోయేవని లీడరన్న అన్నాడు. చరిత్ర స్కాలర్ కాబట్టి ఆధారాలు అడగలేదు.

ఆ ఒక్క రౌటర్ మీద నాలుగు లాప్‌టాప్‌లు. నాది ఒకటి. లీడరన్నది సెకండ్ హ్యాండుది, వైరు పీకితే ప్రాణం పోయేది. అక్క పాతది అంకుల్ దగ్గర ఉండేది, ఆయన దాంట్లో వార్తలు చదివి కోప్పడేవారు. నాలుగోది అక్క ఆఫీసు వాళ్లిచ్చిన నల్లటి, బరువైన, ఎవరూ ముట్టకూడని లాప్‌టాప్. మిగతా మూడూ ఏమైపోయినా ఎవరి బతుకూ ఆగదు. అది ఆగితే అక్క ఉద్యోగం ఆగుతుంది.

ఆంటీ ఆయాసం ముదిరి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కాలంలో అక్క పాత ఉద్యోగం మానేసింది. తిరిగి ఇంకోటి దొరకడానికి చాలా ఇంటర్వ్యూలు పట్టింది. దొరికింది, కానీ ప్రొబేషన్ మీద. అంకుల్ రిటైరయ్యారు, ఆంటీ మందులు అక్క జీతంలోంచే. బంద్ రోజుల్లో ఆఫీసు వాళ్లు ఇంటి నుంచే పని చెయ్యమనేవాళ్లు. మధ్యాహ్నాలు లండన్ క్లయింటుతో కాల్. ఆ కాల్‌లో అక్క గొంతు ప్రతి బంద్‌కూ సగంలో మాయమయ్యేసరికి మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడట, ఇంకోసారి ఇలా అయితే ప్రాజెక్టు నుంచి తీసేస్తామని. ప్రొబేషన్‌లో ఉన్న మనిషిని ప్రాజెక్టు నుంచి తీయడమంటే కుర్చీ లాగేసి కూర్చోమనడమే.

మాయమవడం ఎలా ఉండేదంటే ఇలా. బంద్ రోజు. క్యాంపస్ వైపు నుంచి నినాదాలు, తర్వాత కాసేపు నిశ్శబ్దం, తర్వాత 'ధడ్' అని ఒక చప్పుడు. ఆ చప్పుడు వినగానే మా గదిలో ఒక పద్ధతి ఉండేది. గదిలో ఎవరుంటే వాళ్లు గొంగడిని బకెట్లో ముంచి, కిటికీ మీది మేకులకు వేలాడదీయాలి. గ్యాస్ లోపలికి రాకుండా అదే తలుపు, అదే కవచం. గొంగడి తడిస్తే గొర్రె మళ్లీ బతికొచ్చినంత కంపు. కళ్లు మండటం కన్నా ముక్కు మండటం నయమనుకుని భరించేవాళ్లం. అదే సమయానికి ఎదురుగా ఆంటీ మందపాటి దుప్పటి ఒకటి తడిపి అక్క గది కిటికీకి కట్టేది. ఆ ఒక్క విషయంలో రెండు ప్రాంతాల మధ్యా పూర్తి ఏకాభిప్రాయం ఉండేది.

వెంటనే అక్క ఫోను. "తమ్ముడూ, నెట్ పోయింది. కాల్‌లో ఉన్నాను, ప్లీజ్."

నా లాప్‌టాప్ చూస్తే చక్కగా నడుస్తోంది. లీడరన్నదీ అంతే. "మాకైతే వస్తున్నది కదక్కా," అన్నాను.

నా జీవితంలో చాలా అనకూడని మాటలు అన్నాను గానీ ఇంత నష్టం చేసింది ఇంకోటి లేదు.

రౌటర్ ఆపి మళ్లీ వేశాను. ఛానెల్ మార్చాను. పాస్‌వర్డ్ మార్చి మళ్లీ చెప్పాను. ఈలోగా బయట గాలి తేటపడింది. గొంగడి తీసి లాప్‌టాప్ పట్టుకుని వాకిలి దాటి అక్క గదికి వెళ్తే, అక్కడా దుప్పటి తీసేశారు, సిగ్నల్ నిండుగా ఉంది.

"చూడక్కా, వస్తున్నది."

"ఇప్పుడొచ్చి ఏం లాభం?" అంది అక్క, కాల్ ముగిసిపోయిన తెరను చూస్తూ.

అలా కొన్ని బంద్‌లు గడిచాయి. మామూలు రోజుల్లో నెట్ బంగారం. గొడవ రోజున పోతుంది. అదీ అవతలి ఇంటికే పోతుంది. దీని మీద ప్రతి ఒక్కరికీ ఒక సిద్ధాంతం ఉండేది. లీడరన్నది రాష్ట్రస్థాయి సిద్ధాంతం.

"గవర్నమెంటే కట్ చేస్తున్నదిరా. ఉద్యమం వార్తలు బయటికి పోవద్దని."

"మరి మనకెందుకొస్తున్నదన్నా? ఉద్యమం చేసేది నువ్వాయె, కట్ చేసేది అక్కకా?"

"గదే కుట్ర," అన్నాడు. కుట్ర అన్నాక ఇంక ప్రశ్నలుండవు.

అంకుల్ సిద్ధాంతం మాత్రం వాకిలి దాటేంత చిన్నది. ఒక సాయంత్రం ఆయన తీగ మీద ఆరేసిన చొక్కా తీసుకునే నెపంతో మా గది ముందు ఆగారు.

"నాయకుడుగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ రౌటర్లో ఎవరికి నెట్ ఇవ్వాలో, ఎవరికి ఆపాలో మీరు చేసుకోవచ్చంటగా?"

లీడరన్న లేచి కూర్చున్నాడు. "ఏమంటున్నరంకుల్? మేం ఆపుతున్నమా?"

"నేనేమీ అనట్లేదయ్యా. మా అమ్మాయికే పోతోంది, మీకు పోవట్లేదు. నెట్ పేరేమో 'జై తెలంగాణ' అని పెట్టారు. కనెక్షన్ నా పేరు మీద, నినాదం మీది. నేను వార్తలు చదువుకోవాలన్నా ముందు జై తెలంగాణ నొక్కాలి."

"నొక్కితే ఏం పోతదంకుల్? నెట్ వస్తది," అన్నాను. నేను తేలిక చేద్దామనుకున్నాను. అది తేలిక అవలేదు.

"నీకన్నీ జోకులేనయ్యా," అన్నారు అంకుల్. ఆ గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది. "దాని ఉద్యోగం పోతే ఈ ఇంట్లో నవ్వేవాడుండడు."

వెనక నుంచి అక్క వచ్చింది. "నాన్నా, పేరు ఏదైతే ఏంటి, సిగ్నల్ రావాలి గానీ. లోపలికి రండి." తీగ మీది చొక్కా తనే తీసుకుని ముందు నడిచింది.

ఆ రాత్రి భోజనం దగ్గర లీడరన్న కంచం పక్కకు జరిపాడు. మైకు లేకుండా కూడా మాట్లాడే మనిషి. గొంతు తగ్గించి అన్నాడు. "నేను ఆంధ్ర పాలకుల మీద కొట్లాడుతున్ననా, ఈ అక్క మీదనా? జర నువ్వన్నా అది బాగుచెయ్యరా. ఎంసీఏ అంటివి."

అప్పట్నుంచి నేను నిజంగానే కూర్చున్నాను. రౌటర్ సెట్టింగులు ఒక్కొక్కటే విప్పాను. అక్క లాప్‌టాప్‌లో వైరస్ అనుకున్నాను, పక్కింటి వాళ్ల రౌటర్‌తో తగాదా అనుకున్నాను, కరెంటు హెచ్చుతగ్గులు అనుకున్నాను. హబ్సిగూడలోని కేబుల్ ఆఫీసుకు వెళ్తే అక్కడి మనిషి "రీస్టార్ట్ చేసిన్రా?" అని అడిగాడు. ఈ దేశంలో ఇంజినీరింగ్ మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నడుస్తోంది. గొంగట్లో కూర్చుని తింటూ వెంట్రుకలేరుకున్నట్టు అని సామెత. నేను అక్షరాలా ఆ పనిలోనే ఉన్నానని నాకు తెలియదు.

తెలిసింది ఒక ఆదివారం. బంద్ లేదు, నినాదం లేదు, క్యాంపస్‌లో క్రికెట్ ఆడుతున్నారు. లీడరన్న గొంగడి కంపు తనకే భరించరానిదై సబ్బు పెట్టి ఉతికి వాకిట్లో తీగ మీద ఆరేశాడు. తీగ సరిగ్గా రెండు కిటికీల మధ్య. నేను టీ తాగుతున్నాను. ఎదురింట్లోంచి అక్క గొంతు.

"తమ్ముడూ, నెట్ పోయింది!"

"ఇయ్యాల గొడవ లేదు కదక్కా!"

"నెట్‌కి ఆ సంగతి తెలియదనుకుంటా!"

గ్లాసు కింద పెట్టి చూశాను. రెండు కిటికీల మధ్య గొంగడి, దాని అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. వెళ్లి ఒక పక్కకు జరిపాను. "వచ్చింది!" అంది అక్క. మళ్లీ లాగాను. "పోయింది!" మళ్లీ జరిపాను. "వచ్చింది!" తోలుబొమ్మలాటలా చాలాసేపు ఆడించాను. మొదట లీడరన్న వచ్చి నిలబడ్డాడు, తర్వాత అంకుల్, తర్వాత చేతిలో గరిటెతో ఆంటీ. నీళ్లు సిగ్నల్‌ను తాగేస్తాయని క్లాసులో ఎప్పుడో చెప్పారు. పరీక్షలో రాశాను కూడా, మార్కులు కూడా వచ్చాయి. గొంగడి గురించి సిలబస్‌లో లేదు.

"అంటే గ్యాస్ కొట్టినప్పుడల్లా మీరు ఆ గొంగడి..." అని అంకుల్ మొదలుపెట్టారు.

"అటు ఆంటీ దుప్పటి కూడా అంకుల్. ఇటు ఒకటి, అటు ఒకటి. రెండు తడి గోడలు. మధ్యలో అక్క ఉద్యోగం."

అంకుల్ ఆంటీ వైపు చూశారు. ఆంటీ గరిటె వైపు చూసుకుంది. లీడరన్న గొంగడి వైపు చూశాడు, ఉద్యమంలో కోవర్టును కనిపెట్టినట్టు. ఎవరూ ఎవరికీ సారీ చెప్పలేదు. కాసేపటికి ఆంటీ మా ఇద్దరికీ పెసరట్లు పంపింది. మా సందులో శాంతి చర్చలు అలాగే ముగిసేవి.

కారణం తెలిస్తే సమస్య తీరిపోతుందని ఎంసీఏలో చెబుతారు. ఇక్కడ తీరలేదు. ఎందుకంటే దుప్పటి తీసేస్తే సిగ్నల్ వస్తుంది, దాంతోపాటు గ్యాసూ వస్తుంది. ఒకసారి ఆలస్యంగా కట్టినప్పుడు ఆంటీ ఎలా ఊపిరాడక మంచం అంచు పట్టుకుని వంగిపోయిందో మేం చూశాం. అక్క ముందు రెండే దారులు. నెట్ కావాలంటే అమ్మ ఊపిరి వదులుకోవాలి, అమ్మ ఊపిరి కావాలంటే ఉద్యోగం వదులుకోవాలి.

"పొడుగు వైరు కొని, ముందు గోడకు చిన్న రంధ్రం పెట్టి రౌటర్ మీ ఇంట్లోకి మారుద్దాం అంకుల్," అన్నాను.

"పెడదాంలేవయ్యా," అన్నారు. 'పెడదాంలే' అనేది తెలుగులో 'వద్దు'కు మర్యాద రూపం. ఆయన గోడను ప్రేమగా ఒకసారి తడిమారు కూడా.

అంతలోనే మళ్లీ బంద్ ప్రకటించారు. అక్కకు ఆ రోజే క్లయింటు ముందు తన పనంతా చూపించాల్సిన కాల్. అది బాగా జరిగితే ప్రొబేషన్ ముగుస్తుంది. పొద్దున్నే వైరు కోసం బండి వేసుకుని తిరిగాను. ముషీరాబాద్ దాకా వెళ్లాను. అన్ని షట్టర్లూ దించి ఉన్నాయి. వైర్ల కొట్టతను తన షాపు మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు, ఉద్యమానికి పూర్తి మద్దతుగా. "ఇయ్యాల దుకాణం తెర్వం భయ్యా. జై తెలంగాణ!" అన్నాడు. నేనూ జై అన్నాను. ఇంకేమంటాను?

మిగిలిన ఉపాయం ఒక్కటే. అక్కే లాప్‌టాప్ పట్టుకుని రౌటర్ పక్కకు, అంటే మా గదికి రావాలి. బ్రహ్మచారుల గది. అంకుల్ ముఖంలో రంగులు మారాయి. అక్క వాటి కోసం ఆగలేదు, చార్జరు చుట్టుకుని వాకిలి దాటింది. లీడరన్న ఆ పొద్దున గది ఊడ్చాడు. ఊడవడం మేం అక్కడ దిగాక అదే మొదటిసారి. ఉతికిన చెద్దరు కుర్చీ మీద పరిచాడు. "కూర్చోండి మేడం. వాసనకు జర ఓర్చుకోండి, గొర్రెది," అని చెప్పి, గొంగడి మాకే వదిలి ఊరేగింపుకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కాల్ మొదలైంది. మొదటి 'ధడ్' వినగానే నేను తడి గొంగడి కిటికీకి వేశాను, ఎదురుగా ఆంటీ దుప్పటి కట్టింది. రౌటర్ మాతోపాటు లోపలే ఉంది. సిగ్నల్ నిండుగా ఉంది. అక్క మాట్లాడుతోంది. అలాంటి ఇంగ్లీషు మా గది ఎన్నడూ విని ఉండదు. ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు మ్యూట్ నొక్కి దగ్గుతోంది, తన వంతు రాగానే తీసి మాట్లాడుతోంది. నేను మంచం మీద విగ్రహంలా కూర్చున్నాను.

అప్పుడు తలుపు తోసుకుని లీడరన్న వచ్చాడు. కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ, చొక్కా చేయి చిరిగి. నోరు తెరవబోయి అక్కను చూశాడు. మ్యూట్ లేదు. అక్క మాట్లాడుతోంది. లీడరన్న గడప మీదే నిలబడి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దగ్గు లోపల తన్నుతోంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి, ముఖం వంకాయ రంగుకు తిరిగింది. పోలీసులు ఆపలేని నోరు అది. అక్క చూసింది, వాక్యం ముగించింది, మ్యూట్ నొక్కింది.

"అన్నా, దగ్గండి!"

ఆ దగ్గుకు గోడ సున్నం రాలింది. "కానీ అక్కా, మీరు కానీయుండ్రి," అన్నాడు, ఊపిరి అందగానే. మేడం అనడం మర్చిపోయాడు.

అక్క మ్యూట్ తీసి మళ్లీ మొదలుపెట్టింది. చివరి ముక్క. సరిగ్గా అప్పుడే సందు మొదట్లో రెండు గ్యాస్ గుండ్లు పేలాయి, ఒకదాని వెనక ఒకటి. లీడరన్న తెరిచి వచ్చిన తలుపులోంచి పరుగులు, అరుపులు, ఎవరో తమ్ముణ్ని పిలుస్తున్న గొంతు. నేను లేచి తలుపు మూసేసరికి ఆ చప్పుడంతా వెళ్లిపోయింది లండన్‌కు. ఒక్క మాట కూడా తెగలేదు. మా నెట్ అంత స్పష్టంగా అంతకుముందు ఎన్నడూ పనిచేయలేదు.

అవతలి నుంచి క్లయింటు పెద్దాయన గొంతు నెమ్మదిగా అడిగింది, అదేం చప్పుడని. "పక్కన బిల్డింగ్ కడుతున్నారు," అంది అక్క. మనుషులు అరుస్తున్నట్టుంది అన్నాడాయన. నువ్వు క్షేమంగా ఉన్నావా అమ్మాయీ అని అడిగాడు. ఉన్నానంది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. అదే మా కొంప ముంచింది.

కొన్నాళ్లకు మేనేజరు నుంచి మెయిల్ వచ్చింది. పని చాలా బాగుందట. ప్రొబేషన్ పూర్తయిందట. అయితే హైదరాబాద్ పరిస్థితుల గురించి క్లయింటు ఆందోళన పడుతున్నాడు కాబట్టి టీమ్ చెన్నైకి మారుతుందట. వెళ్లడమో, మానడమో అక్క ఇష్టమట. చెడిపోయిన నెట్ అన్నాళ్లూ మా సందును లండన్ నుంచి దాచిపెట్టింది. నేను బాగుచేశాను.

అక్క వెళ్లింది. మందులు మానలేవు కదా. ఆటోలో పెట్టె ఎక్కిస్తూ లీడరన్న "మా వల్లనే అయిందక్కా," అన్నాడు. "మీరు ఆ రోజు దగ్గకుండా నిలబడ్డారు కదన్నా, అది చాలు," అంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మ దుప్పటి మర్చిపోతే గుర్తు చెయ్యి," అంది. నేను ఏదో జోకు వేయబోయాను. మానుకుని, సరేనక్కా అన్నాను.

ఆటో మలుపు తిరిగిన మర్నాడే అంకుల్ కేబులతన్ని పిలిపించి ముందు గోడకు రంధ్రం పెట్టించారు. దుమ్ము రాలుతుంటే కళ్లార్పకుండా చూశారు. రౌటర్ వాళ్ల హాల్లోకి వెళ్లింది. అంకుల్ రోజూ పాత లాప్‌టాప్‌లో జై తెలంగాణ నొక్కి చెన్నైతో వీడియోలో మాట్లాడేవారు. ఇప్పుడు గొడవ రోజున నెట్ పోయేది మాకు. "సూడు, ఆంధ్రోల్లు మన నెట్ కట్ చేసిన్రు," అనేవాడు లీడరన్న, గొంగడి తన చేత్తోనే తడిపి కిటికీకి కడుతూ.

ఒకరోజు అంకుల్ నన్ను పిలిచి, చిన్నగా అడిగారు. "ఏమయ్యా, బొమ్మ కనబడాలి, కానీ ఇక్కడి చప్పుడు అటు వెళ్లకూడదు. అలాంటిదేమైనా ఉందా?"

మ్యూట్ బొత్తం ఎక్కడుందో చూపించాను. నేను ఆ ఇంట్లో ఒక్కసారికే నేర్పగలిగింది అదొక్కటే.

తర్వాతి బంద్ రోజు మొదటి చప్పుడు వినబడ్డ కాసేపటికి నా ఫోను మోగింది. అక్క మెసేజ్. "నాన్న మ్యూట్ నొక్కేశారు. నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు. వెనక నా గది తలుపు తెరిచే ఉంది, కిటికీకి దుప్పటి కనబడట్లేదు. అమ్మ ఎలా ఉంది?"

నేను బకెట్ పట్టుకుని వాకిలి దాటాను.